ఎనిమిది స్టెప్పులతోనే సంగతులు వేయొచ్చు

మీరు అడిగింది ఇదీ: మీ మాడ్యులర్ సింథసైజర్‌లో (విడివిడి మాడ్యూళ్లని కేబుళ్లతో కలిపి శబ్దం పుట్టించే వాద్యం) ఎనిమిది స్టెప్పుల సీక్వెన్సర్ (నాబ్‌లతో పెట్టిన స్వరాల్ని వరసగా వాయించేది), క్వాంటైజర్ (వోల్టేజీని దగ్గరి స్వరానికి సర్దేది), క్లాక్ డివైడర్ (క్లాక్ దెబ్బల్లో ఇన్నింటికొకటి చొప్పున ఇచ్చేది), ఒక ఎల్ఎఫ్ఓ (నెమ్మదిగా పైకీ కిందికీ ఊగే వోల్టేజీ), రెండు మూడు వీసీఏలు (సిగ్నల్‌ని వోల్టేజీతో పెంచి తగ్గించేవి) ఉన్నాయి, మంచి వరస కుదిరినా రెండు నిమిషాలకే విసుగు పుడుతోంది, 32 స్టెప్పులదో 64 స్టెప్పులదో కొంటే ఈ బాధ తీరుతుందా అని. తీరదండి. డబ్బు జేబులోనే ఉంచుకుని ముందు ఇది చదవండి. కాస్త పెద్దదే రాస్తున్నాను, ఎందుకంటే ఈ సమస్యతో నేను చాలా రాత్రులు కూర్చున్నాను.

ముందు లెక్క చూద్దాం. నిమిషానికి 120 బీట్ల వేగంలో, బీట్‌కి నాలుగు స్టెప్పుల చొప్పున నడిపితే ఒక్కో స్టెప్ సెకనులో ఎనిమిదో వంతు. మీ ఎనిమిది స్టెప్పులు సరిగ్గా ఒక సెకనులో అయిపోతాయి, రెండు నిమిషాల్లో అదే వరస 120 సార్లు వినపడుతుంది. విసుగు రాక ఏం చేస్తుంది? 64 స్టెప్పులది కొంటే ఎనిమిది సెకన్లకోసారి తిరుగుతుంది, రెండు నిమిషాలకు 15 సార్లు. మూడో రోజుకి అదీ పాతబడుతుంది. పైగా పొడవు పెరిగేకొద్దీ చెవికి పట్టు దొరకదు. నేను ఒకప్పుడు పెద్ద సీక్వెన్సర్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుని ఏడాది వాడాను, సాయంత్రమంతా స్టెప్పులు నింపడానికే సరిపోయేది, తీరా వింటే ఏ స్వరం ఎక్కడికి పోతోందో అందేది కాదు. వినేవాళ్లకి అసలే అందేది కాదు.

కీర్తనలో పల్లవి ఎలా పాడతారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఒకటే పాదం. మొదటిసారి సాదాగా, రెండోసారి చివర్లో చిన్న మెలిక, మూడోసారి ఆ మెలిక కాస్త ముందు నుంచే మొదలు, ఇంకోసారి పై షడ్జం దాకా వెళ్లి దిగడం. సంగతులంటే అవే కదా. పాదం మనసులో నాటుకుపోయింది కాబట్టే మార్పు వినపడుతుంది. స్టెప్ సీక్వెన్సర్‌తో చేయాల్సింది కూడా అదే అని నా గట్టి నమ్మకం: ఎనిమిది నాబ్‌లూ ముట్టుకోకండి, వాటిని చదివే తీరు మార్చండి.

అన్నిటికన్నా ముందు, స్వరాన్నీ గేట్‌నీ (ఇప్పుడు మోగు అని చెప్పే వోల్టేజీ) విడదీయండి. కొత్తవాళ్లలో చాలామంది సీక్వెన్సర్ మీదే ఉన్న గేట్ స్విచ్‌లు వాడతారు, దాంతో మూడో స్టెప్ స్వరం ఎప్పుడూ మూడో స్టెప్ గేట్‌తోనే మోగుతుంది, రెండూ ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి. ఏదైనా కొనాలనే ఉంటే చిన్న ట్రిగర్ సీక్వెన్సరో (క్షణకాలపు దెబ్బల వరస మాత్రమే ఇచ్చేది), యూక్లిడియన్ లయల మాడ్యూలో కొనండి, పెద్ద సీక్వెన్సర్ ధరలో చాలా తక్కువకే వస్తుంది. యూక్లిడియన్ అంటే ఇన్ని స్టెప్పుల్లో ఇన్ని దెబ్బలు వీలైనంత సమంగా సర్దడం. ఎనిమిదిలో ఐదు సర్దితే దెబ్బలు 1, 3, 4, 6, 7 స్టెప్పుల మీద పడతాయి. ఈ లెక్క మొదట పుట్టింది సంగీతం కోసం కాదు, న్యూట్రాన్ యంత్రాల్లో పల్స్‌ల సమయాలు సర్దడానికి బ్యోర్‌క్లండ్ అనే ఆయన రాసిన పద్ధతి అది. దానికీ యూక్లిడ్ అల్గారిథమ్‌కీ, ప్రపంచంలోని ఎన్నో జానపద లయలకీ ఉన్న పోలికను గాడ్‌ఫ్రీడ్ టూసాంట్ 2005లో చూపించాడు.

ఇప్పుడు ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. క్వాంటైజర్‌ని మోహన రాగంలో పెట్టండి, అంటే షడ్జం నుంచి 0, 2, 4, 7, 9 స్వరస్థానాలు. ఎనిమిది నాబ్‌ల మీద స, గ, ప, ద, పై స, ప, గ, రి పెట్టారనుకోండి. ఐదు దెబ్బల గేట్‌ని ఎన్వలప్‌కి (ప్రతి దెబ్బకీ శబ్దాన్ని తెరిచి మూసేది) ఇచ్చి, సీక్వెన్సర్‌ని మాత్రం మామూలు క్లాక్‌తోనే నడిపితే మీకు వినపడేవి స, ప, ద, ప, గ. ప్రతిసారీ అవే ఐదు. మిగతా మూడూ నిశ్శబ్దంలో జారిపోతాయి. లయ బాగుంటుంది కానీ మళ్లీ సెకనుకోసారి తిరుగుడే.

అదే కేబుల్ ఒక్కటి మార్చండి. సీక్వెన్సర్ క్లాక్ ఇన్‌పుట్‌కి కూడా ఆ ఐదు దెబ్బల గేట్‌నే ఇవ్వండి, దెబ్బ పడినప్పుడే స్వరం ముందుకు కదిలేలా. ఇప్పుడు మొదటి ఆవర్తనంలో స గ ప ద పై స. రెండో దాంట్లో ప గ రి స గ. మూడో దాంట్లో ప ద పై స ప గ. నాలుగులో రి స గ ప ద. లయ ప్రతి ఆవర్తనంలో అదే, స్వరాల క్రమం కూడా అదే, కానీ ఏ దెబ్బ మీద ఏ స్వరం పడుతోందో మారుతూ పోతుంది, ఎనిమిది ఆవర్తనాలు అయ్యాక గానీ స మళ్లీ మొదటి దెబ్బ మీదికి రాదు. ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు. మీరు కొందామనుకున్న 64 స్టెప్పుల పొడవు ఒక కేబుల్‌తో వచ్చేసింది, అదీ చెవికి తెలిసిన వరసగానే.

ఈ పాచ్‌లో, అంటే ఈ కేబుళ్ల అమరికలో, ఒక చిన్న తలనొప్పి ఉంది, ముందే చెప్పేస్తాను. గేట్ వచ్చిన క్షణంలోనే ఎన్వలప్ తెరుచుకుంటుంది, కానీ సీక్వెన్సర్ కదిలి, క్వాంటైజర్ లెక్క చూసుకుని కొత్త వోల్టేజీ ఇచ్చేసరికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ సందులో పాత స్వరం టక్కున వినపడుతుంది, ప్రతి స్వరం ముందూ చిన్న కీచుమన్నట్టు. ఆసిలేటర్ (శబ్దం పుట్టించే మాడ్యూల్) చెడిపోయిందని అనుకోకండి. మీ క్వాంటైజర్‌కి ట్రిగర్ అవుట్‌పుట్ ఉంటే ఎన్వలప్‌ని దానితో మోగించండి, లేకపోతే ఎన్వలప్‌కి వెళ్లే గేట్‌ని ట్రిగర్ డిలేతో 3, 4 మిల్లీసెకన్లు వెనక్కి జరపండి. చెవికి ఆలస్యం తెలియదు, కీచు పోతుంది.

తర్వాత మూడో పొర. స్వరాలకు సంబంధం లేని దాన్ని ఇంకో పొడవులో తిప్పండి: ఫిల్టర్ కటాఫ్ (శబ్దంలోని పదును), ఎన్వలప్ డికే (స్వరం ఎంతసేపట్లో తగ్గిపోవాలో), గట్టిదనం. స్వరాల వరస 8, గేట్ వరస 5, యాక్సెంట్ (గట్టిదనం) వరస 7 పెట్టి మూడింటినీ ఒకే క్లాక్‌తో నడిపితే అన్నీ మళ్లీ ఒకేచోట కలవడానికి 280 స్టెప్పులు, మన వేగంలో 35 సెకన్లు. అంకెలకు ఒకటి తప్ప ఉమ్మడి భాజకం లేకపోవడమే ఇక్కడ కిటుకు. 8, 4, 16 పెడితే 16కే కలిసిపోతాయి. నా అనుభవంలో జనం స్వరం మారడం కన్నా డికే మారడాన్ని త్వరగా పట్టుకుంటారు. అదే ఎనిమిది స్వరాలు పొట్టిగా టకటకా మోగి, మెల్లగా సాగుతూ ఒకదాని మీదికి ఒకటి ఒలికిపోయేలా మారితే అది కొత్త పాటలా వినపడుతుంది. దీనికి రెండో సీక్వెన్సర్ కూడా అక్కర్లేదు, మీ ఎల్ఎఫ్ఓని బాగా నెమ్మదిగా, 40 సెకన్లకో చుట్టు తిరిగేలా పెట్టి డికే సీవీకి (డికేని మార్చే వోల్టేజీ ఇన్‌పుట్‌కి) ఇవ్వండి, చాలు.

ఇక శ్రుతి జరపడం. ఇది చాలామంది సగం తెలుసుకుని వదిలేసే విషయం, కొంచెం ఆగి చెబుతాను. యూరోర్యాక్‌లో (మాడ్యులర్ సింథ్‌ల ఒక ప్రామాణిక పద్ధతి) ఆక్టేవ్‌కి, అంటే స నుంచి పై స దాకా, 1 వోల్ట్ లెక్క కాబట్టి ఒక స్వరస్థానం అంటే వోల్టులో పన్నెండో వంతు, సుమారు 0.083. వరసకి ఇంకో వోల్టేజీ కలిపితే మొత్తం పైకి జరుగుతుంది. కానీ ఆ కలపడం క్వాంటైజర్‌కి ముందా, తర్వాతా? తర్వాత కలిపితే వరస మొత్తం ఉన్నదున్నట్టు పైకి లేస్తుంది, హార్మోనియం మీద శ్రుతి మార్చి అదే పాట పాడినట్టు. ముందు కలిపితే పైకి లేచిన ప్రతి స్వరం మళ్లీ మోహనంలోని దగ్గరి స్వరం మీద వాలుతుంది. చిన్నప్పుడు సంగీతం క్లాసులో సరిగమ, రిగమప, గమపద అని పాడాం చూడండి, ఆకారం అదే, మెట్టు వేరు, కానీ రాగం దాటలేదు. అదే ఇది. అంతరాలు కొంచెం కొంచెం మారతాయి కాబట్టి రెండోసారి విన్నప్పుడు బంధువుని చూసినట్టు ఉంటుంది, అచ్చు అదే మనిషి కాదు. నేను పదిసార్లలో ఎనిమిదిసార్లు ముందే కలుపుతాను. బేస్ గొంతు ఇంకెక్కడో స్థిరంగా ఒకే శ్రుతిలో నిలబడి ఉంటే మాత్రం ముందు కలపడం తప్పనిసరి అంటాను, లేకపోతే రెండూ కొట్టుకుంటాయి.

కలిపే వోల్టేజీ ఎక్కణ్ణుంచి తేవాలి? మీ క్లాక్ డివైడర్ నుంచే. దాని 32వ భాగం అవుట్‌పుట్ 16 స్టెప్పులు పైన, 16 స్టెప్పులు కింద ఉంటుంది. 64వ భాగం 32 పైన, 32 కింద. రెండింటినీ అటెన్యుయేటర్లలో కుదించి, ఒకటి 0.417 వోల్టులకు, ఒకటి 0.583 వోల్టులకు తెచ్చి, మిక్సర్‌లో కలపండి. 5 స్వరస్థానాలు, 7 స్వరస్థానాలు. క్వాంటైజర్ తర్వాత కలిపితే, రెండూ కింద ఉన్నప్పుడు వరస షడ్జం మీద, ఒకటి పైనుంటే మధ్యమం మీద, ఇంకొకటి పైనుంటే పంచమం మీద, రెండూ పైనుంటే 5, 7 కలిసి 12, సరిగ్గా పై షడ్జం మీద. రెండు కేబుళ్లతో నాలుగు స్థానాలు. (రెండు సంగతులు చూసుకోండి: కొన్ని డివైడర్లు సన్నని ట్రిగర్ మాత్రమే ఇస్తాయి, అవి దీనికి పనికిరావు, మిక్సర్ కూడా సీవీకి సరిపడేదై ఉండాలి, ఆడియోకి మాత్రమే చేసినవి స్థిరంగా నిలిచే వోల్టేజీని దాటనివ్వవు.)

రీసెట్ ఇన్‌పుట్‌ని (వరసని ఒకటో స్టెప్‌కి తెచ్చేది) చాలామంది పాట మొదట్లో ఒకసారి నొక్కి మర్చిపోతారు. నాకు మాత్రం ప్యానెల్ మీద అన్నిటికన్నా విలువైన రంధ్రం అదే. వరస పొడవు ఐదుకి కుదించి, డివైడర్ 16వ భాగాన్ని రీసెట్‌కి ఇవ్వండి: ఐదు, ఐదు, ఐదు, ఇంకొక్కటి, మళ్లీ మొదలు. ఆ మిగిలిన ఒక్క స్వరం రెండుసార్లు వెంటవెంటనే పడినప్పుడు పాదం గడప దాటినట్టు ఉంటుంది. ఆదితాళంలో ఐదేసి అక్షరాల జతులు వేస్తూ వచ్చి సమానికి కలపడం విన్నవాళ్లకి ఈ రుచి కొత్త కాదు. కాసేపయ్యాక రీసెట్ కేబుల్‌ని 16 నుంచి 32కి మార్చండి, ఇప్పుడు ఆరు ఐదులు, చివర రెండు. ఒక్క కేబుల్ మార్పుకి ఇంత తేడా ఇచ్చేది నాకు ఇంకేదీ కనపడలేదు.

దీనిలో ఉన్న గొయ్యి నేను పడి తెలుసుకున్నది. బెంగళూరులో ఒక చిన్న కచేరీలో ఇద్దరు మిత్రులతో వాయిస్తున్నప్పుడు నా వరస అందరికన్నా ఒక స్టెప్ ముందు నడుస్తూనే ఉంది, ఎన్నిసార్లు రీసెట్ చేసినా అంతే. చెమటలు పట్టాయి. ఇంటికి వచ్చాక తెలిసింది: రీసెట్, క్లాక్ రెండూ ఒకే క్షణంలో వస్తే రీసెట్ ఒకటో స్టెప్‌కి తెస్తుంది, వెంటనే క్లాక్ రెండో స్టెప్‌కి తోసేస్తుంది. ఒకటో స్వరం ఎవరికీ వినపడదు. క్లాక్ కన్నా రీసెట్ ఒకటి రెండు మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చేలా చేస్తే పోతుంది. వీసీవీ ర్యాక్ అనే ఉచిత మాడ్యులర్ సింథ్ సాఫ్ట్‌వేర్ వాళ్లయితే రీసెట్ వచ్చిన తర్వాత 1 మిల్లీసెకను పాటు క్లాక్‌ని పట్టించుకోవద్దని మాడ్యూల్ రాసేవాళ్లకి నియమంగానే పెట్టారు. హార్డ్‌వేర్‌లో ఒక్కో మాడ్యూల్ తీరు ఒక్కోలా ఉంటుంది కాబట్టి మీ దానితో ఇంట్లో తేల్చుకోండి, స్టేజీ మీద కాదు.

క్లాక్‌ని కూడా వంచొచ్చు. 1960ల్లో మూగ్ అనే సింథసైజర్ల కంపెనీ చేసిన 960 సీక్వెన్షియల్ కంట్రోలర్‌లో ఉన్నవీ ఎనిమిది స్టెప్పులే, మూడు వరసల నాబ్‌లతో. పక్కన 962 అనే స్విచ్ మాడ్యూల్ పెడితే మూడు వరసలనీ ఒకదాని తర్వాత ఒకటి చదివి 24 స్టెప్పులు చేసుకోవచ్చు, అది అందరికీ తెలిసిందే. నాకు మరీ ఇష్టమైంది 960 మీదే ఉన్న ఒక స్విచ్. అది వేస్తే మూడో వరస వోల్టేజీ లోపలి క్లాక్ వేగాన్నే మారుస్తుంది, అంటే ప్రతి స్టెప్ ఎంతసేపు ఉండాలో దాని కింది నాబ్ చెబుతుంది. మీ సీక్వెన్సర్‌కి రెండో వరస ఉండి, మీ ఎల్ఎఫ్ఓకి వేగం మార్చే సీవీ ఇన్‌పుట్ ఉంటే ఆ ఎల్ఎఫ్ఓనే క్లాక్‌గా పెట్టి ఇదే చేయొచ్చు. ఒక స్వరం సాగుతుంది, రెండు పొట్టిగా దూకుతాయి, ఒకటి ఆగి నిలబడుతుంది, యంత్రం ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది. అయితే ఈ క్లాక్‌ని డ్రమ్స్‌కి ఇవ్వకండి, తాళం చేజారిపోతుంది. ఒంటరి గొంతు పాడే చోట వాడండి.

ర్యాచెటింగ్ గురించి అందరూ చెబుతారు, నేను తక్కువే చెబుతాను. ఒక స్టెప్ కాలంలో మూడు దెబ్బలు వేయడం, చతురశ్రం మధ్యలో తిశ్రం మెరిసినట్టు. క్లాక్ మల్టిప్లయర్ కావాలి, ఏడో స్టెప్ గేట్‌తో ఒక వీసీఏ తెరిచి మూడింతల క్లాక్‌ని ఆ సందులోంచి ఎన్వలప్‌కి వదలాలి. బాగుంటుంది. ప్రతి ఆవర్తనంలో వేస్తే మాత్రం వారంలోనే మొహం మొత్తుతుంది.

యాదృచ్ఛికం సంగతి కూడా అడుగుతారని తెలుసు. శాంపుల్ అండ్ హోల్డ్ (దెబ్బకో యాదృచ్ఛిక వోల్టేజీని పట్టి ఉంచేది) తెచ్చి నేరుగా స్వరాల మీద పోసేయకండి. 5 వోల్టుల పరిధి అంటే ఐదు ఆక్టేవ్‌లు, పాదం కొట్టుకుపోతుంది. 0.2 వోల్టులకు కుదించండి, రెండు స్వరస్థానాలకు అటూఇటూగా మాత్రమే కదులుతుంది, క్వాంటైజర్‌కి ముందు కలిపితే రాగంలోనే ఉంటుంది. ఇంకా మంచిది, దాన్ని చివరి రెండు స్టెప్పులకే పరిమితం చేయడం. గేట్లు ఇప్పుడు బయటి మాడ్యూల్ నుంచి వస్తున్నాయి కదా, సీక్వెన్సర్ సొంత గేట్ వరస ఖాళీగానే ఉంది. అందులో 7, 8 స్విచ్‌లు మాత్రం వేసి, ఆ గేట్‌తో ఒక వీసీఏ తెరిచి, ఆ వీసీఏలోంచి కుదించిన ర్యాండమ్‌ని పంపండి. మొదటి ఆరు స్వరాలూ కదలవు, తోక మాత్రమే ప్రతిసారీ కొత్తగా వస్తుంది. పల్లవిలో మొదటి సంగతులు వేసే చోటు కూడా అదే కదా, పాదం చివర.

టామ్ విట్‌వెల్ డిజైన్ చేసిన ట్యూరింగ్ మెషీన్ అనే మాడ్యూల్ ఈ దారిలో చాలామందికి ఇష్టం, నాకూ ఇష్టమే: 16 బిట్ల షిఫ్ట్ రిజిస్టర్ (దెబ్బ దెబ్బకీ బిట్లని ఒక చోటు జరిపే సర్క్యూట్), నాబ్ మధ్యలో ఉంటే అంతా యాదృచ్ఛికం, పూర్తిగా కుడికి తిప్పితే వరస తాళం వేసినట్టు ఆగిపోతుంది, కొంచెం వెనక్కి తెస్తే అప్పుడో స్వరం ఇప్పుడో స్వరం మారుతూ ఉంటుంది. ఒక్కటే లోటు, మారిన స్వరం మారినట్టే, పాతది తిరిగి రాదు. వెళ్లి వెళ్లి మళ్లీ పల్లవి మొదటి పాదానికి రావాలనుకునే నాలాంటి వాళ్లకి నాబ్‌ల మీద ఎదురుగా కనపడే ఎనిమిది స్టెప్పులే నమ్మకం. ర్యాండమ్‌ని పంపే వీసీఏ మూసేస్తే చాలు, పాదం చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది.

ఇవన్నీ ఒకేసారి పెట్టకండి. నేను మొదట్లో అన్నీ కలిపి ముడేసేవాణ్ణి, వచ్చింది వాన శబ్దమే. ఒక సమయంలో ఒకటే కదలాలి, మిగతావి నిలబడాలి. రెండు నిమిషాలు గేట్‌తో ఆడండి, స్వరాలు అలాగే. తర్వాత గేట్ మొదటికి తెచ్చి డివైడర్‌తో శ్రుతి జరపండి. తర్వాత తోక. మధ్యలో చేతితో గొంతు పూర్తిగా ఆపేసి నాలుగు ఆవర్తనాలు వదిలేసి మళ్లీ తీసుకురండి. ఆ మౌనం తర్వాత అదే సాదా పాదం వింటే ఒళ్లు జలదరిస్తుంది, నిజంగా చెబుతున్నాను.

ట్రిగర్ మాడ్యూల్ చేతికి వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. వీసీవీ ర్యాక్‌లో సీక్ 3 (SEQ 3) అని ఎనిమిది స్టెప్పులు, మూడు వరసల సీక్వెన్సర్ ఉచితంగానే ఉంది, క్వాంటైజర్ ఉంది, యూక్లిడియన్ మాడ్యూళ్లు వెతికితే చాలా దొరుకుతాయి. ఈ రాత్రికి దాంట్లో ఆ మోహనం వరస, ఐదు దెబ్బల గేట్, ఆ ఒక్క కేబుల్ మార్పు చేసి చూడండి. కేబుల్ మార్చకముందు ఒక నిమిషం, మార్చాక ఒక నిమిషం రికార్డ్ చేసి పక్కపక్కన వినండి. తర్వాత మీ హార్డ్‌వేర్ మీద రీసెట్ దగ్గర ఒకటో స్వరం మింగేస్తోందో లేదో చూసి, డివైడర్ మోడల్ ఏమిటో, దాని అవుట్‌పుట్ గేటో ట్రిగరో నాకు చెప్పండి, శ్రుతి జరిపే వోల్టేజీలు ఎలా కుదించాలో దాన్ని బట్టి రాస్తాను.